1986 నాటి స్కూబా సిలిండర్‌లో మళ్ళీ గాలి నింపించవచ్చా? అది నిజంగా పేలుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ బాబాయి గారు గల్ఫ్‌లో డైవింగ్ పని చేసి తిరిగొస్తూ తెచ్చుకున్న అల్యూమినియం స్కూబా సిలిండర్ ఏళ్ళ తరబడి మీ ఇంట్లో పడి ఉంది. మెడ కింద 3ఏఎల్ అని, 1986 అని ముద్ర ఉంది. లోపల ఇంకా కొంత గాలి ఉన్నట్టుంది. రంగు వెలిసిపోయింది కాబట్టి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పద్ధతి) చేయించి, కారు డిక్కీలో విశాఖ తెచ్చి, రుషికొండలో గాలి నింపించుకుని డైవ్‌కి వెళ్ళాలని మీ ఆలోచన. మీ ఆవిడేమో అది బాంబుతో సమానం, ముందు ఇంట్లోంచి తీసేయమంటున్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం అని మీ ప్రశ్న.

ఆ సిలిండర్‌లో గాలి నింపించకండి. పౌడర్ కోటింగ్ అసలే వద్దు. కొద్దిపాటి గాలితో మూలన ఉన్న సిలిండర్ ఈ రాత్రికి రాత్రే పేలుతుందని భయపడనక్కర్లేదు. కానీ డైవింగ్‌కి పనికొచ్చే వస్తువుగా మాత్రం దాన్ని ఇక లెక్కలోంచి తీసేయండి. ఎందుకో, దాన్ని ఎలా వదిలించుకోవాలో కింద వివరంగా రాస్తున్నాను.

నేను అండమాన్‌లో డైవింగ్ నేర్చుకుని, అక్కడే కొన్నాళ్ళు నేర్పి, ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. నీళ్ళలో కంటే కంప్రెషర్ గదిలో గడిపిన సమయమే ఎక్కువ. సిలిండర్ ప్రమాదం అనగానే అందరికీ నీళ్ళలో ఉన్న డైవర్ గుర్తొస్తాడు. కానీ నీళ్ళలోకి దిగాక లోపలి ప్రెషర్ నిమిష నిమిషానికీ తగ్గుతూ పోతుంది. నింపేటప్పుడు సంగతి వేరు. ప్రెషర్ ఎక్కుతూ ఉంటుంది, లోహం వేడెక్కుతూ ఉంటుంది, పక్కనే ఒక కుర్రాడు గొట్టం పట్టుకుని నిలబడి ఉంటాడు. మీ సిలిండర్ లాంటి పాత రకాలు బద్దలైన సంఘటనల్లో చాలావరకు నింపుతుండగానో, నింపిన కాసేపటికో జరిగినవే. ఆ సిలిండర్ ఎన్నేళ్ళు ఎక్కడ పడి ఉందో మీకు తెలుసు. ఆ కుర్రాడికి తెలియదు. నా భయమంతా అతని గురించే.

ముందు అందులో ఉండే బలం ఎంతో చూద్దాం. కారు టైరులో గాలి 32 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. మీ సిలిండర్ మామూలు 80 ఘనపుటడుగుల రకమే అయితే, నిండినప్పుడు 3000 పీఎస్ఐ, అంటే 207 బార్. లోపలి ఖాళీ 11 లీటర్లే. ఆ కాస్త చోటులో రెండు వేల లీటర్లకు పైగా గాలి కుక్కి ఉంటుంది. అదంతా ఒక్కసారిగా బయటపడితే విడుదలయ్యే శక్తి, తక్కువలో తక్కువ లెక్క వేసినా, నాలుగున్నర లక్షల జౌళ్ళ దాకా వస్తుంది. టన్ను బరువున్న కారును 45 మీటర్ల ఎత్తుకు లేపడానికి సరిపోయే శక్తి అది. దీనికి మంట అక్కర్లేదు, నిప్పురవ్వ అక్కర్లేదు. మనం రోజూ పీల్చే గాలే. గోడలు కూలతాయి, పైకప్పు రేకులు లేచిపోతాయి, పక్కనున్న మనిషి చేతులో కాళ్ళో పోతాయి, ప్రాణమే పోవచ్చు. కాబట్టి మీ ఆవిడ భయం ఉత్తదేం కాదు.

అలాగని ప్రతి స్కూబా సిలిండరూ పేలడానికి సిద్ధంగా ఉంటుందని కాదు. సరైన లోహంతో చేసి, గడువు ప్రకారం పరీక్షలు చేయించి, వేడికి గురికాని సిలిండర్ దశాబ్దాల పాటు సేవ చేస్తుంది. 207 బార్ సిలిండర్‌ని పరీక్షలో 345 బార్ వరకు ఒత్తిడికి గురిచేస్తారు. అంత వెసులుబాటు పెట్టుకునే దాన్ని తయారుచేస్తారు. అది బద్దలయిందంటే, అంతకుముందే ఎప్పుడో ఎక్కడో తేడా వచ్చి ఉంటుంది. ఆ తేడా పైకి కనిపించదు. అదే అసలు చిక్కు.

మీ సిలిండర్‌లో తేడా ఆ తేదీలోనే ఉంది.

3ఏఎల్ అనేది అమెరికా రవాణా శాఖ అల్యూమినియం సిలిండర్లకు ఇచ్చిన ప్రమాణం పేరు. అప్పట్లో ఈ సిలిండర్లలో 6351 అనే అల్యూమినియం మిశ్రమం విస్తృతంగా వాడారు. లక్స్‌ఫర్ కంపెనీ అమెరికాలో 1988 మధ్య వరకు దాన్నే వాడి, తర్వాత 6061 అనే మిశ్రమానికి మారింది. కాటలీనా కంపెనీ మాత్రం మొదటి నుంచీ 6061తోనే చేసింది. మీది 1986 నాటిది కాబట్టి, కాటలీనా అని స్పష్టంగా ముద్ర ఉంటే తప్ప, 6351 అనే అనుకోవాలి. నింపే చోట్ల చాలామంది 1990కి ముందు తేదీ కనిపిస్తే కంపెనీ పేరు కూడా చూడకుండా తిప్పి పంపేస్తారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ళు చేసేది సరైన పనే.

6351తో సమస్య ఏమిటంటే, ఎడతెగని బిగువులో ఉంచితే దానిలో మెల్లగా పగుళ్ళు పుడతాయి. సిలిండర్‌ని కింద పడేయనక్కర్లేదు, వాడనే అక్కర్లేదు. నిండుగా ఒక మూలన నిలబెట్టి ఉంచినా చాలు. పగులు ఎక్కువగా మెడ లోపల, వాల్వ్ బిగించే థ్రెడ్ల దగ్గరా, అక్కడి నుంచి భుజం వైపు దిగే చోటా మొదలవుతుంది. ఏళ్ళ తరబడి సాగుతుంది. చాలాసార్లు గోడ దాటి బయటికి రాగానే మెడ దగ్గర సన్నగా గాలి లీకవుతుంది, అప్పుడు బయటపడుతుంది. కొన్నిసార్లు ఆ హెచ్చరిక కూడా రాదు. సిలిండర్ నిలువునా చీలిపోతుంది.

అందుకే అమెరికాలో 2007 జనవరి 1 నుంచి ఒక నిబంధన పెట్టారు. 6351తో చేసిన స్కూబా సిలిండర్లకు అయిదేళ్ళకోసారి చేసే పరీక్షతో పాటు మెడ థ్రెడ్లకు ఎడ్డీ కరెంట్ పరీక్ష కూడా చేయాలి. చిన్న ప్రోబ్‌ని థ్రెడ్లలోకి తిప్పుకుంటూ దించుతారు. పగులు తగిలిన చోట విద్యుత్ ప్రవాహం దారి తప్పుతుంది, యంత్రం అది చూపిస్తుంది. అంటే చట్టప్రకారం 6351 సిలిండర్ ఇప్పటికీ నిషేధం కాదు. ఎవరైనా మీకు ఆ మాట చెబితే అది నిజమే. కానీ ఆ పరీక్ష చేసే యంత్రం, దాని ఫలితాన్ని సరిగ్గా చదవగల మనిషి మన దగ్గర దొరకడం కష్టం. నలభై ఏళ్ళ నాటి సిలిండర్ కోసం అంత తిరగడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలు.

మీకు రాబోయే తర్వాతి సందేహం నాకు తెలుసు. నీళ్ళతో ఒత్తిడి పెట్టి చూసే హైడ్రో టెస్ట్ చేయిస్తే సరిపోదా? సరిపోదు. కొన్నేళ్ళ కిందట ఓ రిటైర్డ్ ఇంజినీరు గారు ఇలాంటి సిలిండరే తెచ్చారు. పైన ఒక్క గీత లేదు, హైడ్రో పాసైన కాగితం కూడా చేతిలో ఉంది. వాల్వ్ విప్పి, సన్నటి లైటు లోపలికి దించి, చిన్న అద్దం పెట్టి మెడ లోపల చూశాం. థ్రెడ్లకు అడ్డంగా, కిందికి నిలువుగా రెండు వెంట్రుక గీతలు. థ్రెడ్ కోసేటప్పుడు పనిముట్టు వల్ల పడే గీత కూడా దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుంది, కానీ అది ఒకచోట ఆగిపోతుంది. ఇవి ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కి దాటుకుంటూ పోతున్నాయి. ఆయన అద్దంలో చాలాసేపు చూశారు. ఇంట్లో మనవలు ఆడుకునే గదిలో పెట్టానండీ అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

హైడ్రో టెస్ట్‌లో సిలిండర్‌ని నీళ్ళతో నింపి, ఇంకో నీళ్ళ గదిలో పెట్టి, ఒత్తిడి పెంచుతారు. అది ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీసేశాక ఎంతవరకు వెనక్కి తగ్గిందో కొలుస్తారు. మొత్తం ఉబ్బిన దానిలో పది శాతం కంటే ఎక్కువ శాశ్వతంగా మిగిలిపోతే ఫెయిల్. గోడ మొత్తం సత్తువ ఎలా ఉందో చెప్పడానికి అది మంచి పరీక్ష. మెడలో ఉన్న చిన్న పగులు ఆ కొలతను కదిలించలేదు. ఆ పగులు కోసం మెడ లోపలికి చూడాల్సిందే. గాలితో కాకుండా నీళ్ళతో ఎందుకు చేస్తారంటే, నీళ్ళు ఒత్తిడికి దాదాపుగా కుదించుకోవు. సిలిండర్ పరీక్షలోనే పగిలినా పెద్దగా శక్తి విడుదల కాదు. అందుకే ఎవరైనా మెకానిక్ కొంచెం ఎక్కువ గాలి పట్టించి చూద్దాం, తట్టుకుంటే బాగున్నట్టే అంటే, వెంటనే అక్కడి నుంచి సిలిండర్ తీసుకుని వచ్చేయండి.

పౌడర్ కోటింగ్ ఎందుకు వద్దు. ఈ ఒక్క విషయం పాత సిలిండర్లకే కాదు, నిన్న కొన్న అల్యూమినియం సిలిండర్‌కి కూడా వర్తిస్తుంది. ఆ లోహానికి బలం వచ్చేది తయారీలో చేసే వేడి చికిత్స వల్ల. తర్వాత మళ్ళీ ఎక్కువ వేడి తగిలితే ఆ బలం పోతుంది, పోయినట్టు పైకి తెలియదు. 177 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన అల్యూమినియం సిలిండర్‌ని ఇక పనికిరానిదిగా పక్కన పెట్టాలని నియమం. పౌడర్ కోటింగ్ ఓవెన్ సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల మధ్య నడుస్తుంది. అంటే మెరిసే కొత్త రంగుతో, చచ్చిపోయిన లోహంతో సిలిండర్ ఇంటికొస్తుంది. చూసేవాళ్ళకి కొత్తదిలా ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. కార్ల షెడ్డులో హీటర్ గదిలో పెట్టి రంగు ఆరబెట్టే పద్ధతీ వద్దు. పాత రంగు ఊడగొట్టడానికి కాస్టిక్ కలిసిన ద్రావణాలు పూయకూడదు, అవి అల్యూమినియంని తినేస్తాయి. రంగు వెలిసిన అల్యూమినియం సిలిండర్‌తో ఏ ఇబ్బందీ లేదు. అలాగే వదిలేయండి.

ఇక కారు డిక్కీ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సిలిండర్లు పగులుతాయా అని ప్రతి వేసవిలో ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క చూడండి. నిండు సిలిండర్‌లో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ప్రెషర్ సుమారు 0.7 బార్ పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర 207 బార్ ఉన్న సిలిండర్ డిక్కీలో 65 డిగ్రీలకు చేరితే 233 బార్ దగ్గరికి వస్తుంది. 345 బార్ పరీక్షకు నిలిచిన మంచి సిలిండర్‌కి అది లెక్కలోది కాదు. పగులున్న సిలిండర్‌కి మాత్రం లెక్కలోదే. మంచి సిలిండర్ ఉన్నా డిక్కీలో ఇంకో తంటా ఉంది. అమెరికా రకం వాల్వ్‌లకు వెనక చిన్న రాగి రేకు ఉంటుంది, బర్స్ట్ డిస్క్ అంటారు. ప్రెషర్ మితిమీరితే అది తెగి గాలిని వదిలేయాలి. పాతబడి తుప్పు పట్టిన డిస్క్ మామూలు ప్రెషర్‌కే తెగిపోతుంది. మా పరిచయస్తుడొకరి కారులో మధ్యాహ్నం పూట ఇలాగే తెగింది. తుపాకీ పేలినట్టు చప్పుడు, తర్వాత రెండు మూడు నిమిషాలు చెవులు గింగుర్లెత్తే రొద. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదే నడుస్తున్న కారులో జరిగి ఉంటే డ్రైవరు చేతిలో స్టీరింగ్ నిలిచేది కాదు. డిస్క్ ఖరీదు చాలా తక్కువ. హైడ్రో చేయించిన ప్రతిసారీ కొత్తది వేయించండి. వాల్వ్ తయారీదారు చెప్పిన రేటింగ్‌దే వేయించండి, ఎక్కువ రేటింగ్‌ది వద్దు, రెండు డిస్క్‌లు ఒకదాని మీద ఒకటి వేయడం అసలే వద్దు.

మంటల గురించి ఒక మాట. సగం ఖాళీగా ఉన్న అల్యూమినియం సిలిండర్ అగ్నిప్రమాదంలో నిండు సిలిండర్ కంటే ప్రమాదకరం. నిండుగా ఉంటే వేడికి ప్రెషర్ త్వరగా పెరిగి డిస్క్ తెగి గాలి పోయే అవకాశం ఉంది. సగమే ఉంటే డిస్క్ తెగేంత ప్రెషర్ రాకముందే లోహం మెత్తబడి చీలిపోతుంది. యూరప్ రకం వాల్వ్‌లలో చాలావాటికి ఆ డిస్కే ఉండదు. కాబట్టి సిలిండర్లు వంటింటికి, జనరేటర్‌కి, డీజిల్ డబ్బాలకి దూరంగా ఉండాలి.

వాల్వ్ మార్చే ఆలోచన ఉంటే ఇది తప్పకుండా చదవండి. మన దేశంలో సిలిండర్లు అమెరికా నుంచి, యూరప్ నుంచి, గల్ఫ్ నుంచి కలగాపులగంగా వచ్చాయి. అమెరికా రకం మెడలో ముప్పావు అంగుళం థ్రెడ్ ఉంటుంది, అంగుళానికి 14 చుట్లు. యూరప్ రకంలో ఎం25, అంటే 25 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకి 2 మిల్లీమీటర్లు. ఎం25 వాల్వ్‌ని అమెరికా రకం మెడలో పెడితే తిరుగుతుంది, కొన్ని చుట్లు పట్టుకుంటుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది. తక్కువ ప్రెషర్‌లో లీకు కూడా ఉండదు. ప్రెషర్ పెరిగాక ఆ కొన్ని థ్రెడ్లు తెగి వాల్వ్ ఎగిరిపోతుంది. 207 బార్ దగ్గర వాల్వ్‌ని కింది నుంచి పైకి తోసే బలం దాదాపు ఒక టన్ను ఉంటుంది. వాల్వ్ ఒకవైపు దూసుకుపోతుంది, 14 కిలోల సిలిండర్ ఇంకోవైపు. గాలి నింపేవాడు మామూలుగా వాల్వ్ మీదికి వంగే ఉంటాడు. ఈ పొరపాటుతో ప్రపంచంలో మనుషులు చనిపోయారు.

మా దగ్గరకు కూడా అలాంటిది ఒకటి వచ్చింది. పైపుల పని చేసే తెలిసినవాళ్ళ దగ్గర వాల్వ్ మార్పించుకుని తెచ్చారు. వాల్వ్‌ని కొంచెం వదులు చేసి అటూ ఇటూ ఊపితే కదులుతోంది. సరైన జోడీ అలా ఊగదు. వాల్వ్ మీద, మెడ మీద థ్రెడ్ పేరు ముద్రించి ఉంటుంది, రెండూ చదివి కలిస్తేనే బిగించాలి. ముద్ర కనిపించకపోతే థ్రెడ్ గేజ్‌తో కొలవాలి. టెఫ్లాన్ టేపు చుట్టి సరిపెట్టడం అనేది ఈ పనిలో లేనే లేదు. స్కూబా వాల్వ్‌కి బిగుతు ఇచ్చేది ఓ-రింగ్ అనే రబ్బరు ఉంగరం, టేపు కాదు.

ప్రెషర్ ఉండగా వాల్వ్‌ని బిగించకూడదు, వదులు చేయకూడదు. మెడ దగ్గర సన్నగా లీకవుతుంటే పానా తీసుకుని ఇంకొంచెం బిగిద్దాం అనిపించడం సహజం. ఆ లీకు ఓ-రింగ్‌ది కావచ్చు, పగులుది కావచ్చు. మొత్తం గాలి వదిలేశాకే చేయి వేయాలి.

మీది అల్యూమినియం కాబట్టి స్టీల్ సిలిండర్ల గురించి ఎక్కువ చెప్పను. కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒకటి చెప్పాలి. స్టీల్ సిలిండర్ లోపలికి కాస్త ఉప్పునీరు చేరితే, ఎక్కువ ప్రెషర్ గాలిలో తుప్పు చాలా వేగంగా పడుతుంది. గోడ పలచబడటం ఒక సంగతి. ఇంకోటి, తుప్పు పట్టడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. మూసి ఉన్న సిలిండర్‌లో ఆక్సిజన్ తగ్గిపోయిన గాలి మిగులుతుంది. గేజ్ 150 బార్ చూపిస్తుంది, వాసనేమీ ఉండదు, నోట్లో రెగ్యులేటర్ పెట్టుకుని పీల్చిన మనిషి చెప్పాపెట్టకుండా స్పృహ తప్పుతాడు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న సిలిండర్‌లో గాలి పీల్చకండి, అది ఏ లోహమైనా సరే. సిలిండర్ అడుగున ప్లాస్టిక్ బూటు ఉంటే అప్పుడప్పుడు తీసి కడగండి, ఉప్పునీరు అక్కడే నిలిచి లోహాన్ని తింటుంది.

ఇప్పుడు నింపే పద్ధతి. మీరు కొత్త సిలిండర్ కొన్నాక మీకు పనికొస్తుంది, ఏ సెంటర్‌ని నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. మంచి సెంటర్‌లో ముందు సిలిండర్ మీది ముద్రలు చదువుతారు. పరీక్ష తేదీ, నింపాల్సిన ప్రెషర్, లోహం రకం. యూరప్ నుంచి వచ్చే స్టీల్ సిలిండర్లలో 232 బార్‌వి ఉంటాయి, 300 బార్‌వి ఉంటాయి. పక్కపక్కన పెట్టి ఒకే వరసలో అన్నింటికీ ఒకే ప్రెషర్ పట్టించే చోట మీ 207 బార్ సిలిండర్‌ని ఇవ్వకండి. నెమ్మదిగా నింపాలి, నిమిషానికి 20 నుంచి 35 బార్ వరకు. త్వరగా నింపితే గాలి వేడెక్కుతుంది, గేజ్ 207 చూపించినా చల్లారాక 180కి పడిపోతుంది. అప్పుడు కస్టమర్ తక్కువ పట్టారని గొడవపడతాడు, మర్నాటి నుంచి వాళ్ళు వేడి మీదే 230 దాకా కొట్టడం మొదలుపెడతారు. ఎక్కువ ప్రెషర్ అలవాటు చాలా చోట్ల ఇలాగే మొదలవుతుంది. దయచేసి ఆ పది ఇరవై బార్ కోసం వాళ్ళతో పోట్లాడకండి.

నింపే మనిషి సిలిండర్ మీదికి వంగి ఉండకూడదు. గొట్టం తగిలించి, వాల్వ్ మెల్లగా తెరిచి, పక్కకు జరగాలి. మెడ దగ్గర నుంచి శబ్దం వచ్చినా, సిలిండర్ ఒకచోట అసాధారణంగా వేడెక్కినా, దగ్గరికి వెళ్ళి చూడకుండా దూరం నుంచే కంప్రెషర్ ఆపి, బయటికి రావాలి. గొట్టం విప్పే ముందు అందులో మిగిలిన గాలిని బ్లీడ్ వాల్వ్‌తో వదిలేయాలి. ఇలాంటి పనిలో ఉన్న కుర్రాళ్ళకు చాలా చోట్ల ఎవరూ ఏదీ నేర్పరు. పాతవాడు చేసింది చూసి కొత్తవాడు చేస్తాడు. సెంటర్ నడిపేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కంప్రెషర్ దగ్గర నిలబడే మనిషికి డైవ్ మాస్టర్‌కి ఇచ్చినంత శిక్షణ ఇవ్వండి.

కొందరు ఆక్సిజన్ ప్లాంటులో గాని, పారిశ్రామిక గ్యాస్ షాపులో గాని నింపించుకోవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. అక్కడ స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కిస్తే, సిలిండర్‌లోనో వాల్వ్‌లోనో ఉన్న కాస్త నూనె, గ్రీజు చాలు మంట అంటుకోవడానికి. మంట రాకపోయినా స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ఆరు మీటర్ల కంటే లోతుకు వెళ్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, నీళ్ళలో మూర్ఛ అంటే మునిగిపోవడమే. పంక్చర్ షాపు కంప్రెషర్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు, దాని ప్రెషర్ పది బార్ దాటదు, ఆ గాలి పీల్చేదీ కాదు. పీల్చే గాలికి ప్రమాణాలు ఉన్నాయి. యూరప్ ప్రమాణం ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో 5 వంతులు దాటకూడదు, నూనె ఘనపు మీటరుకి అర మిల్లీగ్రాము దాటకూడదు. కంప్రెషర్ గాలి పీల్చుకునే గొట్టం జనరేటర్ పొగ వచ్చే వైపు పెట్టి ఉంటే, ఆ సెంటర్‌లో ఎంత కొత్త సిలిండర్ ఉన్నా నేను నింపించుకోను.

మోసుకెళ్ళేటప్పుడు జాగ్రత్తలు పెద్ద కష్టం కాదు. డిక్కీలో పడుకోబెట్టి, దొర్లకుండా బెల్టుతోనో తాడుతోనో కట్టండి. వాల్వ్‌కి ఏదీ తగలకుండా చూడండి. వాల్వ్ తిప్పే నాబ్ పట్టుకుని ఎత్తకండి. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని వెళ్ళడం విశాఖలో నేను కళ్ళారా చూశాను, చూస్తేనే ఒళ్ళు జలదరించింది. ఒడ్డున ఇసుకలో నిలబెట్టి వదిలేయకుండా పడుకోబెట్టండి. నిలవ ఉంచేటప్పుడు 20, 30 బార్ మాత్రం ఉంచితే తేమ లోపలికి రాదు, లోహానికి బిగువూ ఉండదు. విమానంలో తీసుకెళ్ళాలంటే ఖాళీ చేసి, వాల్వ్ విప్పి, లోపల కనిపించేలా ఉంచాలి, అయినా ముందే ఎయిర్‌లైన్‌ని అడగండి.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. మన దేశంలో గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016 ప్రకారం పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం ఉన్న సిలిండర్లనే నింపాలి. నాగ్‌పూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. విదేశీ ముద్ర ఎంత గొప్పదైనా అది ఒక్కటే చాలదు. పరీక్ష కూడా పెసో గుర్తింపు ఉన్న స్టేషన్‌లోనే చేయించాలి. అంటే మీ బాబాయి గారి సిలిండర్‌లో లోహం సమస్య లేకపోయినా, పెసో ఆమోదం లేనంతవరకు ఇక్కడ దాన్ని నింపించడం చట్టానికి కుదరదు. డబ్బులిస్తే నింపుతామనే చోటు దొరకవచ్చు. అలా ముద్ర చూడకుండా నింపేవాళ్ళు మీ పక్కవాడి సిలిండర్‌నీ అలాగే నింపుతారని, మీరు దాని పక్కనే నిలబడి ఉంటారని గుర్తుంచుకోండి.

ఇప్పుడు దాన్ని వదిలించుకునే పద్ధతి. కానీ కింద చివర్లో అడిగిన ఫొటోలు పెట్టి, నా జవాబు వచ్చాకే ఇది మొదలుపెట్టండి. సిలిండర్‌ని ఆరుబయట, పిల్లలు లేని చోట, పడిపోకుండా స్తంభానికి కట్టండి. గాలి వచ్చే రంధ్రం మనుషుల వైపు, మట్టి వైపు లేకుండా తిప్పండి. కళ్ళద్దాలు పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, నాబ్‌ని పావు చుట్టు మాత్రం మెల్లగా తిప్పండి. మొహం దాని మీదికి పెట్టకండి. వాల్వ్ చల్లబడి మంచు పడితే కాసేపు ఆపి మళ్ళీ తెరవండి. తొందర వద్దు. నాబ్ బిగుసుకుపోయి కదలకపోతే సుత్తి, పైపు పానా వాడకండి. నాబ్ తిరిగి కూడా గాలి రాకపోతే సిలిండర్ ఖాళీ అని అనుకోకండి. లోపలి గొట్టం తుప్పుతోనో పొడితోనో మూసుకుపోయి ఉండవచ్చు. ఖాళీ అనుకుని వాల్వ్ విప్పబోయి దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ కదిలించకుండా వదిలేసి, సిలిండర్ పరీక్షా కేంద్రానికి ఫోన్ చేసి వాళ్ళ మనిషిని పిలిపించండి.

గాలి పూర్తిగా పోయాక వాల్వ్ తెరిచే ఉంచి, అదే పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళి వాల్వ్ విప్పించండి. మెడ థ్రెడ్లు కోసేయమని, లేదా సిలిండర్‌ని రెండు ముక్కలు చేయమని అడగండి. ఆ తర్వాతే పాత సామాన్లవాడికి అమ్మండి. వాల్వ్‌తో సహా అమ్మితే అది ఇంకో ఊళ్ళో, ఇంకో రంగుతో మళ్ళీ ఏదో కంప్రెషర్ దగ్గరికి చేరుతుంది. బాబాయి గారి గుర్తుగా ఉంచుకోవాలనిపిస్తే, మెడ ఉన్న పై భాగాన్ని ఆ ముద్రలతో సహా కోయించి ఉంచుకోవచ్చు, గంటలా వేలాడదీసుకునేవాళ్ళు ఉన్నారు. వాల్వ్ ఉన్న సిలిండర్‌ని మాత్రం అలంకరణకని ఇంట్లో ఉంచకండి.

మీరు మెడ దగ్గరి ముద్రల ఫొటో పెట్టలేదు. సిలిండర్‌ని కదిలించకుండా, వెలుతురులో చుట్టూ నాలుగు వైపులా తీసి ఇక్కడ పెట్టండి. కంపెనీ పేరు, మొదటి తేదీ, తర్వాత ఎప్పుడైనా పరీక్ష చేయించిన తేదీలు ఉంటే అవి, వాల్వ్ మీది థ్రెడ్ ముద్ర కనిపించాలి. చూసి ఏ మిశ్రమమో చెబుతాను. అప్పటిదాకా నాబ్ మీద కూడా చేయి వేయకండి.